మథురా జాలిందర్ ఖాడే దొరకలేదు

“తృప్తీ, ఇది కూడా చిరిగింది,” అన్నాడు తుషార్, కంచంలోని భాకరీని రెండు వేళ్ళతో ఎత్తి చూపిస్తూ.

జొన్నపిండిలో వేణ్ణీళ్ళు పోసి అరచేతి మొదలుతో ఓపిగ్గా మర్దిస్తే తప్ప భాకరీ అంచు చిరగకుండా రాదు. ఆ సంగతి ఆమె చేతులకు తెలుసు. ఇవాళ చేతులైతే పిండిలోనే ఉన్నాయి గాని మనసు మాత్రం నిన్న సాయంత్రం పంపేసిన షీటులో ఇరుక్కుపోయి ఉంది. ఏదో మర్చిపోయానన్న దిగులు. పొయ్యి మీద పాలు పెట్టి బయటికి వచ్చేసినప్పుడు కలిగే దిగులు లాంటిది.

“ఇంకోటి వేస్తానుండండి,” అంది.

“వద్దులే, టైమైంది. చక్కెర ఫ్యాక్టరీలో సీజను నడుస్తోంది, కాటా దగ్గర బళ్ళు బారులు తీరి ఉంటాయి. నీకేం, ఇంట్లో కూర్చుని టిక్కుటిక్కుమని నొక్కే ఉద్యోగం,” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పడం సులువయ్యేది.

తృప్తి ఈ అత్తవారింట్లో పెట్టిన పేరు. పుట్టింట్లో ఆమె ఇంద్రాయణి. తాను రోజూ ఏ నది ఒడ్డున స్నానం చేసి పొలానికి పోయేవాడో ఆ నది పేరు పెట్టుకున్నాడు తండ్రి. పెళ్ళినాడు పళ్ళెం నిండా బియ్యం పోసి, తుషార్ చేతికి ఉంగరమిచ్చి, కొత్త పేరు రాయించారు. పక్కన కూర్చున్న ఆమె మెడ కాస్త వంచి ఆ గీతల్లో తన పేరేమిటో చదువుకుంది. అందరికీ పేఢాలు పంచారు. మొగుడి పేరులోని మొదటి అక్షరంతో కుదిరిందని ఆడపడుచు మురిసిపోయింది. ఈ రోజుల్లో పేరు మార్చనివాళ్ళు చాలామందే ఉన్నారు, వీళ్ళింట్లో మాత్రం ఆ ప్రశ్నే రాలేదు. మర్నాడు ఆ బియ్యాన్ని డబ్బాలోని బియ్యంలో కలిపేశారు. కృష్ణ ఒడ్డున ఈ చెరుకు పల్లెకు వచ్చాక ఆమెను ఇంద్రాయణి అని పిలిచేది ఫోన్లో అమ్మ, అన్న. అంతే.

పన్నెండు పాసై, కామర్సు డిగ్రీలో చేరి, మొదటి ఏడాది పరీక్షలు రాయకుండానే ఆమె పెళ్ళి పీటల మీద కూర్చుంది. తర్వాత రాయొచ్చులే అన్నారు. తర్వాత ఓవి కడుపున పడింది. ఓవికి ఏడాది నిండాక ట్రస్టు ఆసుపత్రిలో రికార్డుల పనికి ఇంటి నుంచే చేసే మనిషి కావాలని తెలిసి, అడగనా వద్దా అని కొన్నాళ్ళు మథనపడి, చివరికి అడిగింది. “పన్నెండో క్లాసుకి ల్యాప్‌టాప్ ఇస్తున్నారా, ఎంత మంచి ఆసుపత్రి,” అని తుషార్ నవ్వాడు. అత్తగారైతే, “ఆ డబ్బాలో తల పెట్టావంటే పిల్ల ఏడుపు కూడా నీ చెవినపడదు,” అంది. అన్నాక, ఇంద్రాయణి పనికి కూర్చోగానే ఏమీ మాట్లాడకుండా వచ్చి పిల్లను ఒళ్ళోకి తీసుకునేది. అత్తగారిని ఆ ఇంట్లో అందరూ ఆయీ అనే అంటారు, ఆ వైపు అమ్మని పిలిచే మాట అది.

పిల్లకు పాలిస్తూ, సౌండు తీసేసిన ఫోన్లో వీడియోలు చూసి ఫార్ములాలు నేర్చుకుంది ఇంద్రాయణి. అన్నింటిలోకీ ఆమెకు నచ్చింది వెతికే ఫార్ములా. ఈ కాలమ్‌లో ఉన్న పేరు ఆ షీటులో ఎక్కడైనా ఉందేమో చూసి, ఉంటే దాని ఎదురుగా ఉన్న ఫోను నంబరు తెచ్చి ఇక్కడి గడిలో పెడుతుంది. తుషార్ సాక్సులు, ఆయీ కళ్ళజోడు, ఓవి సీసా మూత, ఎవరికి ఏది కావాలన్నా అది ఎక్కడుందో వెతికి తెచ్చి చేతిలో పెట్టేది ఇంద్రాయణే. తొలిసారి ఆ ఫార్ములా పనిచేసి గడులన్నీ కింది దాకా గబగబా నిండినప్పుడు, ఎవరో తన చేతిలో పని అందుకుని ‘నువ్వు కూర్చో’ అన్నట్టు అనిపించి కళ్ళు చెమర్చాయి. ఎవరికి చెప్పినా నవ్వుతారని చెప్పలేదు.

నిన్నటి పని కూడా అదే. ట్రస్టువాళ్ళ కాన్పుల షీటు ఒక పక్క, గర్భిణీల చెకప్ షీటు ఇంకో పక్క. కాన్పుల షీటులో తల్లి పేరు ఉంటుంది గాని ఫోను ఉండదు, ఫోను చెకప్ షీటులో ఉంటుంది. పేరుతో పేరు జతపరచాలి. పేరు చివర కంటికి కనపడని ఖాళీ ఒకటున్నా ఆ రెండు పేర్లూ ఒకటి కావంటుంది ఫార్ములా, అంత మొండిది. ఖాళీలన్నీ తుడిచింది. అయినా కొన్ని గడుల్లో ఏమీ దొరకలేదన్న గుర్తే పడింది. అలాంటివి వస్తే ఏం చెయ్యాలో రికార్డుల సబ్నీస్ మేడమ్ ముందే చెప్పి ఉంది. ‘నంబరు దొరకలేదు’ అని రాసెయ్యడమే. అప్పటికి ఓవి ఏడుస్తోంది, పప్పు అడుగంటుతోంది. రాసేసి పంపేసింది.

తుషార్ బండి వీధి మలుపు తిరిగిందో లేదో ఫోను మోగింది. సబ్నీస్ మేడమ్.

“తృప్తీ, కంగారుపడకు. నీ వల్ల వచ్చింది కాదు. నువ్వు దొరకలేదని రాసినవాళ్ళలో ఒకామె ఉంది చూడు, మథురా జాలిందర్ ఖాడే. మాణ్ తాలూకా వైపున్న మన చిన్న శాఖలో ఆడపిల్లను కన్నది. పుట్టిన పిల్లల మడమ నుంచి రక్తం తీసి పూణె పంపిస్తాం కదా, అది తేడాగా వచ్చింది. థైరాయిడ్ అని అనుమానం.”

“అంటే ఏమవుతుంది మేడమ్?”

“త్వరగా పట్టుకుంటే ఏమీ కాదు. రోజూ చిన్న మాత్ర నలిపి పట్టించడమే, పిల్ల అందరిలాగే పెరుగుతుంది. ఆలస్యమైతే మాత్రం బుద్ధి ఎదగదు తల్లీ. తర్వాత ఎంత మందు పోసినా రాదు. రిపోర్టు రావడమే ఆలస్యంగా వచ్చింది. డాక్టరు గారు ఈ వారం దాటకూడదంటున్నారు. శాఖవాళ్ళు మనిషిని పంపితే ఇంటికి తాళం ఉందట, పుట్టింటివాళ్ళు చెరుకు నరకడానికి వలస పోయారట. కాగితం మీద తమ్ముడి నంబరు ఉంది, అది మోగడం లేదు. నువ్వు ఇంకొక్కసారి వెతుకుతావా? చూసీ చూసీ నాకు కళ్ళు పోతున్నాయి.”

ఫోను పెట్టేశాక ఆమె మొట్టమొదట చేసిన పని, పడుకున్న ఓవి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం. రోజూ చేసేదే. ఊపిరి వెచ్చగా తగిలింది. ఇరవై నెలలొచ్చినా పిల్ల ఇంకా గట్టిగా నాలుగు మాటలు అనడం లేదని పక్కింటివాళ్ళు అన్నప్పటి నుంచీ, తను సరిగ్గా మాట్లాడించలేదా, కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తినలేదా, ఆ ల్యాప్‌టాప్ వెలుగు పిల్ల మీద పడిందా అని వంద తప్పులు తన మీద వేసుకుంటూ ఉంటుంది. పిల్ల విషయంలో ఏది జరిగినా తల్లే కారణం అనడం ఇంట్లో ఎవరూ పని కట్టుకుని నేర్పలేదు, గాలిలోంచి వచ్చి ఒంట్లో చేరింది. ఇప్పుడు ఎక్కడో ఇంకొక పిల్ల ఉంది. దాని పేరెదురుగా తన చేత్తోనే ‘దొరకలేదు’ అని రాసింది, పప్పు మాడకూడదని.

గిన్నెలు పంపు కింద అలాగే వదిలేసి ల్యాప్‌టాప్ తెరిచింది. మథుర అని వెతికింది, లేదు. జాలిందర్ అని వెతికింది. ఖాడే అని వెతికింది. పేరులో సగం ముక్క ఉన్నా పట్టే ఫార్ములా ఒకటుంది, అదీ పెట్టింది. మూడు మాటల్లో ఒక్కటి కూడా చెకప్ షీటులో ఏ మూలా లేదు. కాన్పు దాకా ఒక్క చెకప్‌కీ రాని మనిషా? కాదే, చెకప్ అయినట్టు కాన్పుల షీటులో టిక్కు ఉంది.

దొరకనివాళ్ళందరినీ ఒక దగ్గరికి చేర్చి, వీళ్ళలో ఏమైనా పోలిక ఉందేమోనని ఒక్కో కాలమ్ మీదుగా వేలు జరుపుతూ పోయింది. ఊళ్ళు వేరు. వయసులు వేరు. ఎన్నో కాన్పు అన్న కాలమ్ దగ్గర వేలు ఆగింది. మొదటిది. మొదటిది. మొదటిది. పైనుంచి కింది దాకా అందరికీ మొదటిదే. రెండో కాన్పు తల్లులు ఒక్కరు కూడా తప్పిపోలేదు.

ఇంద్రాయణి ఆ వరసనంతా ఇంకోసారి చూసింది. మొదటి కాన్పు పుట్టింట్లో. తనూ పుట్టింట్లోనే కన్నది. నొప్పులతో ఆటోలోంచి దించుతుంటే ఆసుపత్రి గుమ్మం దగ్గర పేరు రాయించింది అన్న. చెల్లెలి పేరు ఏమని రాయిస్తాడు? పుట్టినప్పటి నుంచీ పిలిచిన పేరే రాయించాడు, దాని వెనక తండ్రి పేరు, ఇంటిపేరు. ఓవి పుట్టిన సర్టిఫికెట్లో తల్లి పేరు ఇంద్రాయణి అని వచ్చేసరికి దాన్ని మార్పించడానికి తుషార్ ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. “నీ పేరేమిటో నీకే తెలీకపోతే ఎట్లా?” అని విసుక్కున్నాడు. పొరపాటైందండీ అని చెప్పింది తను. చిన్నప్పటి నుంచీ ఉన్న తన పేరు రాయించినందుకు క్షమించమని అడిగింది. అప్పుడది వింతగా కూడా అనిపించలేదు.

చెకప్‌కి అత్తగారితో వచ్చింది ఒకామె. కాన్పుకి అమ్మతో వెళ్ళింది ఇంకొకామె. ఇద్దరూ ఒకే మనిషి. పెళ్ళైన ఆడదానికి సొంత పేరు మారుతుంది, దాని వెనక తండ్రి పోయి మొగుడు వస్తాడు, ఇంటిపేరు మారుతుంది. మూడు మాటల్లో ఒక్కటీ మిగలదు. ఫార్ములా ఏం చేస్తుంది పాపం.

“పొద్దున్నుంచీ గిన్నెలు అట్లాగే ఉన్నాయి,” అంటూ వచ్చింది ఆయీ, ఓవిని చంకనేసుకుని. “ఏమైందే, మొహం అట్లా పెట్టావు?”

చెప్పింది. మొత్తం చెప్పింది. ఆయీ స్టూలు మీద కూర్చుని విన్నది.

“ఖాడేలు మా వైపు లేరు. అది పుట్టింటి ఇంటిపేరే అయ్యుంటుంది,” అంది ఆయీ. “మరి ఇక్కడ దాన్ని ఏమని పిలుస్తారో నీకెట్లా తెలుస్తుంది?”

“అదే ఆలోచిస్తున్నా ఆయీ. పేరు కాకుండా, పెళ్ళైనా మారనిది ఏదైనా కావాలి.”

“ఆడదానికి మారనిది ఏముంటుందే? బొట్టు మారుతుంది, చీర కట్టు మారుతుంది, దేవుడు కూడా మారతాడు.” ఆయీ నవ్వింది. “నన్నడగొద్దు. నా పాత పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోయారు. మా అక్కతో అది కూడా పోయింది.”

ఆ మాట చాలా మామూలుగా అంది. ఇంద్రాయణి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. అంత చనువు వాళ్ళిద్దరి మధ్యా ఇంకా లేదు.

చూపు మళ్ళీ కాలమ్‌ల మీదికి పోయింది. రక్తం గ్రూపు. ఎత్తు. రెండు షీటుల్లోనూ ఉన్నాయి. మొగుడు ఎవరైనా రక్తం అదే. ఏ ఇంట్లో నిలబడినా ఎత్తు అంతే. గ్రూపునీ ఎత్తునీ పక్కపక్కన కలిపి ఒకే మాటగా చేసి, రెండు షీటుల్లోనూ కొత్త కాలమ్‌గా పెట్టింది. దానికి మొదటి కాన్పన్న ముక్క కూడా అతికించింది. ఇప్పుడు పేరుకి బదులు ఆ మాటతో వెతకమంది. ఆ ఫార్ములా మొదట దొరికిన ఒక్కరిని ఇచ్చి ఊరుకుంటుంది కాబట్టి, మొత్తం ఎంతమంది ఉన్నారో వడబోసి చూసింది. మథుర ఎత్తు, మథుర రక్తం ఉన్నవాళ్ళు ముగ్గురు. పల్లవి, సానికా, శర్వరి. ముగ్గురి ఎదురుగా ఉన్నవీ మొగుళ్ళ నంబర్లే.

మొదటి నంబరుకి చేసింది. ట్రాక్టరు చప్పుడు మధ్య ఒక మగ గొంతు పలికింది.

“ఆసుపత్రి నుంచండీ. మీ ఆవిడ పుట్టింటి పేరు ఏమిటో చెబుతారా?”

“పుట్టింటి పేరా? పల్లవి కదా. అంటే, దానికి ముందా? ఏదో ఉండేది. ఉండండి, ట్రాక్టరు ఆపి మా అమ్మకి చేసి కనుక్కుని చెబుతా.” నిజంగానే కాసేపటికి తిరిగి చేశాడు. “సుమిత్ర అటండీ. మంచి పేరే. ఎవరూ చెప్పలేదు నాకు.”

రెండోది మోగి మోగి ఆగే సమయానికి ఎవరో పెద్దావిడ ఎత్తింది.

“మథురనా? అలాంటోళ్ళు ఎవరూ లేరమ్మా. ఇది మోహితేల ఇల్లు. పెట్టేస్తున్నా.”

ఆయీ చప్పున చెయ్యి చాచి ఫోను లాక్కుంది. “వదినా, పెట్టేయకు. నేనూ నీలాంటి అత్తనే. పొద్దున్నే వచ్చిన ఫోను పెట్టేస్తే ఎట్లా? మీ కోడలు ఏ వైపు పిల్ల?”

“సానికానా? మాణ్ వైపు. అక్కడ ఏం పండుద్ది గనక, రాళ్ళు తప్ప.”

“దాని అమ్మానాన్నా చెరుకు కోతకి పోయారా?”

“పోయారు, దీపావళి కాగానే. నీకెట్లా తెలుసు?”

అప్పుడు ఆ ఇంట్లో దూరంగా గిన్నె కింద పెట్టిన చప్పుడు, పరుగున వచ్చిన అడుగుల చప్పుడు. కొత్త గొంతు, దగ్గరగా. “ఎవరు ఆయీ? మథుర అన్నారా? నేనే. ఇలా ఇవ్వండి. చెప్పండి, మా అమ్మకేమైనా అయిందా?”

ఇంద్రాయణి ఫోను అందుకుంది. అత్తవారి ఇంట్లో ఆ పేరు వినపడిందంటే పుట్టింట ఏదో అయినట్టే అనుకుంది ఆ పిల్ల. తనైనా అంతే అనుకునేది.

“మీ అమ్మకేం కాలేదమ్మా. ట్రస్టు ఆసుపత్రి నుంచి చేస్తున్నా. పాపకి ఇంకోసారి రక్తం పరీక్ష చెయ్యాలి. ఇవాళే తీసుకురావాలి. పాప ఎట్లా ఉంది?”

“బాగానే ఉంది అక్కా. ఎప్పుడూ నిద్రే. పాలకి కూడా లేపాలి. ఏడవనే ఏడవదు. అందరూ ఎంత బుద్ధిమంతురాలో, ఆడపిల్లంటే ఇట్లా ఉండాలి అంటున్నారు. నాకే ఏదో…” ఆమె గొంతు తగ్గించింది. “నాకే భయంగా ఉండేది. అంటే, ఏడవని పిల్లని పెట్టుకుని నీకేం కష్టమని నవ్వుతారని అనలేదు.”

“నువ్వు భయపడింది నిజమే మథురా. మందుంది. చిన్న మాత్ర. ఇవాళ వచ్చేయ్, ఎవరి కోసం ఆగకు.”

“వస్తా. అక్కడ ఎవరినడగాలి? మీ పేరు?”

“ఇంద్రాయణి,” అంది ఆమె.

ఆయీ ఓవి జుట్టు దువ్వుతోంది. చెయ్యి కాసేపు ఆగి, మళ్ళీ దువ్వింది.

మధ్యాహ్నం మేడమ్ ఫోను చేసింది. మోహితే పెద్దావిడే కోడల్నీ పిల్లనీ ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చిందట. రెండ్రోజులకు మళ్ళీ చేసి, పరీక్షలో అనుమానం నిజమేనని తేలిందని చెప్పింది. మాత్ర మొదలైంది. సమయానికే అందిందన్నాడు డాక్టరు. మేడమ్ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి ముక్కు చీదింది. “నా పేరు కూడా మారిందే. అయినా నాకు తట్టలేదు చూడు,” అంది. ఇంద్రాయణి ఆ రోజు కూర్చుని మిగతా దొరకనివాళ్ళని కూడా అలాగే ఒక్కొక్కరినీ దొరకబుచ్చుకుంది. గిన్నెలు ఆయీ తోమింది. తోముతూ సణిగింది, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం తుషార్ భాకరీ తుంచుకుంటూ అంతా విన్నాడు. ఆయీయే చెప్పింది, తన పాత్రను కాస్త పెద్దది చేసి.

“మీరు తృప్తి అని ఎందుకు రాశారు?” అని అడిగింది ఇంద్రాయణి.

“ఎక్కడ? ఓ, బియ్యంలోనా? అక్క చెప్పింది, రాశాను.” ఆలోచించాడు. “నిజం చెప్పాలంటే నాకు నీ పేరు నచ్చింది. శుభలేఖలో చూసి బాగుందే అనుకున్నా. పొడుగు పేరు, పిలవడం కష్టమన్నారు. నువ్వు కూడా వద్దనలేదు కదా.”

“నన్నెవరూ అడగలేదండి.”

తుషార్ నోట్లోని ముక్క నమిలి మింగాడు. తర్వాత లేచి, ఇంకో భాకరీ తనే పెనం మీంచి తెచ్చుకున్నాడు. అంచు చిరిగి ఉంది. ఆ చిరిగినదాన్నే తుంచుకుని తిన్నాడు.

మర్నాడు మేడమ్ ఒక పని అప్పగించింది. ఇకపై చెకప్‌కి వచ్చిన ప్రతి ఆడమనిషినీ కౌంటరు దగ్గరే రెండు పేర్లూ అడుగుతారట. దానికి తగ్గట్టు షీటులో ఒక కాలమ్ చేర్చాలి. పుట్టింటి పేరు అని ఏదో ఒక శీర్షిక పెట్టెయ్యమంది.

ఓవి కాళ్ళు చాపుకుని వంటింటి గడప దగ్గర పడుకుని ఉంది. ఆయీ కళ్ళజోడు పెట్టుకుని వెనక నిలబడి చూస్తోంది. ఇంద్రాయణి కొత్త కాలమ్ చేర్చింది, చివర కాదు, మొట్టమొదట. పాత కాలమ్ పైన ఇన్నాళ్ళూ ఒక్కటే మాట ఉండేది, ‘పేరు’ అని. దాన్ని చెరిపి అక్కడ ‘అత్తవారింట్లో పిలిచే పేరు’ అని రాసింది.

“మరి కొత్తదానికి?” అంది ఆయీ.

ఇంద్రాయణి ఖాళీగా ఉన్న మొదటి గడి మీదికి వెళ్ళి, తొందరపడకుండా టైపు చేసింది. ‘పేరు’.